గుట్టు కాచేవారికి కట్టుబాటు

మన రాష్ట్రాలలో ‘కౌన్సెలింగు’ అన్న మాట నేడు వినిపించని చోటు లేదు. ఇంజనీరింగు కళాశాలలలో సీట్లు కేటాయించే కార్యక్రమం పేరు కౌన్సెలింగు. ఉపాధ్యాయుల బదిలీలకూ ఇదే పేరు. ఆడపిల్లలను వెంటబడి వేధించిన కుర్రవాళ్ళను ఠాణాకు పిలిపించి, తల్లిదండ్రుల ఎదుట మందలించి పంపినా పత్రికలు దానిని కౌన్సెలింగు అనే వ్రాస్తున్నాయి. ఇన్ని పనులకు వాడగా వాడగా ఈ మాటకు గల అసలు అర్థం మరుగున పడింది. మనస్సులోని భారం మోయలేక వచ్చిన మనిషి చెప్పుకొనే మాటను శిక్షణ పొందిన మరొక మనిషి శ్రద్ధగా విని, తొందరపడి తీర్పు చెప్పకుండా, ఉపదేశాలు గుప్పించకుండా, అతడు తన దారి తాను వెదుక్కొనేందుకు తోడ్పడటమే కౌన్సెలింగు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన సామెత. వినేవాడికి చెప్పేవాడు లోకువ కాకుండా చూడటమే ఈ వృత్తికి ధర్మం.

ఆ ధర్మాన్ని కాపాడేది ఎవరు, ఏ విధంగా అన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం. కౌన్సెలరుగా గాని, మానసిక చికిత్సకులుగా గాని పని చేయదలచిన ప్రతి ఒక్కరూ తమ వృత్తి సంఘంలో సభ్యులు కావాలనీ, కళాశాలలు అట్టివారినే నియమించుకోవాలనీ మా నిశ్చితాభిప్రాయం. సభ్యత్వం గోడకు తగిలించుకొనే అలంకారం అనుకొనేవారు మనలో చాలామంది ఉన్నారు. మా దృష్టిలో అది ఒక పూచీ. పూచీ ఇవ్వనివారి చేతికి మన పిల్లల మనస్సులను అప్పగించరాదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడే ఇంత ప్రాముఖ్యం వచ్చినందుకు కారణం ఉన్నది. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర గణాంకాల విభాగం లెక్కలు తెలుపుతున్నాయి. 2023లో విశాఖపట్నంలో ఉండి వైద్య విద్యా ప్రవేశ పరీక్షకు చదువుతున్న పదిహేడేళ్ళ విద్యార్థిని ఒకరు మరణించారు. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు వెలువరిస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శక సూత్రాలను విధించింది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులు గల ప్రతి సంస్థ అర్హత గల కౌన్సెలరును గాని, సైకాలజిస్టును గాని, సోషల్ వర్కరును గాని కనీసం ఒకరినైనా నియమించుకోవాలి. వారు పిల్లల, కౌమార వయస్కుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినవారై ఉండాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ జరగాలి. తగిన చట్టం వచ్చే వరకు ఇవి పాటించవలసిన సూత్రాలు.

తీర్పు మంచిది. అయితే మన దేశంలో మంచి ఉత్తర్వు కాగితం మీద నెరవేరి, ఆచరణలో ఆవిరి కావడం కొత్త కాదు. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు చూపవలసిన పేరు ఒకటి కావాలి గనుక, ఖాళీగా కనిపించిన అధ్యాపకుని పేరు వ్రాసిపెట్టే కళాశాలలు ఉండవచ్చు. మూడు రోజుల తరగతికి వెళ్ళి పత్రం తెచ్చుకొన్నవారిని తక్కువ జీతానికి పెట్టుకొనే కళాశాలలూ ఉండవచ్చు. అప్పుడు గది ఉంటుంది, బోర్డు ఉంటుంది, పేరు ఉంటుంది. పిల్లవాడు మాత్రం ఆ గది గడప తొక్కడు. ఒకవేళ తొక్కినా, లోపల చెప్పిన మాట మరునాటికి అధ్యాపకుల గదిలో వినిపిస్తే, ఆ పిల్లవాడే కాదు, అతని స్నేహితులెవ్వరూ మళ్ళీ అటు చూడరు. కంచే చేను మేసినట్లవుతుంది.

అర్హత గలవారు ఎవరు? మన చట్టాలు ఏమంటున్నాయో మొదట చూద్దాం. సైకియాట్రిస్టు వైద్యశాస్త్రం చదివిన డాక్టరు. మందులు వ్రాసే అధికారం గలవారు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రంలో ఉన్నత విద్యతో పాటు, పెద్దల పర్యవేక్షణలో రోగులతో పని చేసి శిక్షణ పొందినవారు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం వారి పేరు కేంద్ర పునరావాస రిజిస్టరులో ఉండాలి. పేరు లేకుండా ఆ వృత్తి చేసినవారికి ఏడాది వరకు జైలుశిక్ష గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ రంగంలోని వృత్తి నిపుణులను నిర్వచించినప్పుడు సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, మానసిక ఆరోగ్య నర్సు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు వంటివారిని పేర్కొన్నది. కౌన్సెలరు అన్న పేరు అందులో లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషను చట్టం మొట్టమొదటిసారి ఆ లోటును కొంత పూడ్చింది. ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల వర్గంలో సైకాలజిస్టులనూ, పలు రకాల కౌన్సెలర్లనూ తన జాబితాలో చేర్చింది. కాని చట్టంలో పేరు చేరడం వేరు, ప్రతి ఊరిలోని ప్రతి కౌన్సెలరు పేరు రిజిస్టరుకు ఎక్కడం వేరు. ఆ పని పూర్తయ్యేలోగా వారి యోగ్యతను పరీక్షించేది, ప్రవర్తనను అదుపులో ఉంచేది ఎవరు? ఈ ఖాళీలోనే వృత్తి సంఘానికి పని ఉన్నది.

రిజిస్టరుకూ సంఘానికీ గల తేడా మన పాఠకులకు న్యాయవాదుల ఉదాహరణతో సులభంగా బోధపడుతుంది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం కింద ఏర్పడిన బార్ కౌన్సిలులో పేరు నమోదు కాకపోతే వకీలుగా కోర్టులో వాదించే హక్కు లేదు. అది చట్టం ఇచ్చిన రిజిస్టరు. ప్రతి కోర్టు ఆవరణలోనూ కనిపించే బార్ అసోసియేషను వకీళ్ళు తమంతట తాము కూడి ఏర్పరచుకొన్న సంఘం. మొదటిది అనుమతి ఇస్తుంది, తప్పు చేస్తే దానిని తీసివేస్తుంది. రెండవది తోటివారి సాంగత్యం ఇస్తుంది, వృత్తి గౌరవాన్ని నిలుపుతుంది. వకీళ్ళకు రెండూ ఉన్నవి. మన కౌన్సెలర్లలో చాలామందికి ఇంకా మొదటిది చేతికి అందలేదు. కనుక వారి సంఘం రెండు పనులూ కొంత కొంత చేయవలసి వస్తున్నది.

వృత్తి సంఘాలు మన దేశానికి కొత్తవి కావు. సైకియాట్రిస్టుల సంఘం 1947లోనే ఏర్పడింది. బెంగుళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసింది. నేడు మనం నిమ్హాన్స్ అని పిలుచుకొనేది దాని తరువాతి రూపమే. అక్కడ మొదలైన శిక్షణతో క్లినికల్ సైకాలజిస్టులు ఒక తరంగా రూపొందారు. 1968లో భారత క్లినికల్ సైకాలజిస్టుల సంఘం ఏర్పడింది. 1992 చట్టం కంటె ఇరవై నాలుగేళ్ళ ముందే ఈ వృత్తివారు తమకు తాము ఒక కట్టుబాటు కల్పించుకొన్నారన్నమాట. చట్టం తరువాత వచ్చింది, సంఘం ముందు వచ్చింది.

చట్టం రాని చోట సంఘం ఎంత పని చేయగలదో తెలుసుకొనేందుకు బ్రిటను ఉదాహరణ చూడదగినది. ఆ దేశంలో ‘కౌన్సెలరు’ అన్న పేరుకు నేటికీ చట్టరక్షణ లేదు. 1970లో కౌన్సెలింగు పురోభివృద్ధి కోసం ఒక స్థాయీ సమావేశంగా మొదలైన ప్రయత్నం 1977లో బ్రిటిష్ కౌన్సెలింగు సంఘంగా మారింది. 2000లో మానసిక చికిత్సకులను కూడా పేరులో చేర్చుకొన్నది. ఆ సంఘానికి ముద్రిత నీతి నియమావళి ఉన్నది. సభ్యులలో శ్రేణులు ఉన్నవి. చందా కట్టి చేరినంత మాత్రాన పై శ్రేణి రాదు. వృత్తి చేస్తున్నవారు ఎంత అనుభవజ్ఞులైనా తమ పనిని మరొక అనుభవజ్ఞుని పర్యవేక్షణకు పెట్టాలి. సభ్యుని మీద ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో దోషం రుజువై శిక్ష విధిస్తే దానిని బహిరంగంగా ప్రకటిస్తారు. అక్కడి ప్రజలు కౌన్సెలరును వెదికేటప్పుడు ఆ సంఘం రిజిస్టరులో పేరున్నదా లేదా అని చూసుకొనే అవకాశం దీనివల్ల కలిగింది.

దీనిని బట్టి సంఘ సభ్యత్వంలో నాలుగు అంశాలు కనిపిస్తున్నవి: నియమావళి, పర్యవేక్షణ, నిరంతర శిక్షణ, ఫిర్యాదుకు దారి. వీటిలో మొదటిదానికి ప్రాణం గోప్యత. ఉర్దూలో ‘అమానత్’ అన్న మాట ఉన్నది. ఒకరు నమ్మి మన దగ్గర దాచిన సొత్తు అని దానికి అర్థం. తెలుగులో మన పెద్దలు దానినే ‘ఇల్లడ’ అన్నారు. దాచిన సొమ్ములో పైసా వాడుకొన్నా అది ద్రోహమే. విద్యార్థి చెప్పిన రహస్యం అటువంటి అమానత్. దానిని ప్రిన్సిపాలుకు గాని, తండ్రికి గాని, తోటి అధ్యాపకునికి గాని సరదాకైనా చెప్పరాదు. అయితే దీనికి హద్దులూ ఉన్నవి. ప్రాణాపాయం కనిపించినప్పుడు మౌనం తగదు. పద్ధెనిమిదేళ్ళు నిండని వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు ఆ సంగతి పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశిస్తున్నది. ఏది దాచాలో, ఏది దాచరాదో, ఆ సంగతిని మొదటి రోజునే విద్యార్థికి ఏ మాటలలో చెప్పాలో నియమావళి నేర్పుతుంది. నియమావళి తెలియనివారు దాచవలసినదానిని చెబుతారు, చెప్పవలసినదానిని దాస్తారు.

రెండవది పర్యవేక్షణ. రోజుకు నలుగురి దుఃఖం వినే మనిషికి తన భుజం మీది బరువు దించుకొనే చోటు కావాలి. కళాశాల కౌన్సెలరు సాధారణంగా ఒంటరి. తనతో సమానమైన పని చేసేవారు ఆ ఆవరణలో మరొకరు ఉండరు. కష్టమైన కేసు వచ్చినప్పుడు, పేరు బయటపెట్టకుండా, అనుభవజ్ఞులైన పెద్దలతో ఆలోచించే సదుపాయం సంఘం వల్ల లభిస్తుంది. “ఇది నా శక్తికి మించినది, సైకియాట్రిస్టు వద్దకు పంపాలి” అని గుర్తించే వివేకం అటువంటి సంభాషణలలోనే పదునెక్కుతుంది. మూడవదైన నిరంతర శిక్షణ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. శిక్షణ నియమాలే మారిపోతున్న కాలమిది. ఎం.ఫిల్. పట్టాను విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2022 నిబంధనలతో నిలిపివేయగా, క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్కుకు మాత్రం 2025–26 విద్యా సంవత్సరం వరకు గడువు పొడిగించింది. ఇటువంటి మార్పులను ఒంటరిగా ఉన్నవారు ఆలస్యంగా తెలుసుకొంటారు.

నాలుగవది ఫిర్యాదు. అన్నిటికంటె ఇదే ముఖ్యమని మా భావన. కౌన్సెలరు గదిలో సాక్షులు ఉండరు. అక్కడ అన్యాయం జరిగితే ఆ విద్యార్థి ఎవరికి చెప్పుకోవాలి? కళాశాలకు చెబితే కళాశాల తన పేరు కాపాడుకోవాలని చూడవచ్చు. ఇంట్లో చెబితే ‘అసలు అక్కడికి ఎందుకు వెళ్ళావు’ అన్న ప్రశ్న ఎదురు కావచ్చు. కళాశాలకూ, కుటుంబానికీ వెలుపల, ఆ కౌన్సెలరు వృత్తి గౌరవాన్ని తేల్చగల చోటు ఒకటి ఉండాలి. సంఘంలో చేరడం అంటే, ‘నేను తప్పు చేస్తే నన్ను విచారించండి’ అని ముందుగానే సంతకం చేసి ఇవ్వడం.

మన కళాశాల వంటి చోట ఈ అవసరం మరింత ఎక్కువ. ఇక్కడి విద్యార్థులలో చాలామంది ఒకే పేటల నుండి, బంధుత్వాలతో ముడిపడిన కుటుంబాల నుండి వస్తారు. నాలుగు వీధుల అవతల చెప్పిన మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉన్నది. ముఖ్యంగా విద్యార్థినుల విషయంలో, ఒక చిన్న మాట పొక్కితే చదువే ఆగిపోవచ్చు. ఇక భాష సంగతి. ‘బెంగ’ అన్న తెలుగు మాటలోని ఆరాటం, ‘ఘబ్రాహట్’ అన్న ఉర్దూ మాటలోని గుండెదడ ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలలో ఉన్నవి ఉన్నట్లు దొరకవు. ఈ రెండు భాషలలోనూ వినగల కౌన్సెలర్లు మనకు కావాలి. వారు తయారు కావలసినది మన తరగతి గదులలోనే.

ఇందుకు కొన్ని అభ్యంతరాలు వినిపిస్తున్నవి. వాటిని తోసిపుచ్చడం న్యాయం కాదు. ‘ఇంతకాలం ఇంటి పెద్దలు, బస్తీ పెద్దమనుషులు ఈ పని చేయలేదా?’ అని కొందరి ప్రశ్న. చేశారు, నేటికీ చేస్తున్నారు. నానమ్మ ఒడిలో దొరికే ఓదార్పు ఏ నియమావళీ ఇవ్వలేదు. కాని అనేక సందర్భాలలో పిల్లల బాధకు మూలం ఇంట్లోనే ఉంటుంది. తగవులో పక్షం ఉన్నవారు తగవు వినలేరు. అప్పుడు బయటి మనిషి అవసరం. బయటి మనిషికి కట్టుబాటు అవసరం.

‘చందా కట్టినంత మాత్రాన మనిషి యోగ్యుడవుతాడా?’ అన్నది రెండవ ప్రశ్న. కాడు. డబ్బు పంపిన మరునాడే సభ్యత్వ పత్రం పంపే సంస్థలూ ఈ రోజులలో ఉన్నవి. వాటి పత్రం కంటె తెల్లకాగితం మేలు. కనుక సంఘం పేరు చూసి మోసపోరాదు. చేర్చుకొనే ముందు చదువునూ, పర్యవేక్షణలో చేసిన పనినీ అడుగుతున్నదా? నియమావళిని అందరికీ కనిపించేటట్లు ప్రకటించిందా? ఫిర్యాదు వస్తే విచారించి సభ్యత్వం తొలగించే అధికారం తన వద్ద ఉంచుకొన్నదా? విద్యార్థి సభ్యులకూ, పూర్తి సభ్యులకూ తేడా పాటిస్తున్నదా? ఈ నాలుగింటికీ అవునన్న సమాధానం వచ్చిన సంఘమే చేరదగినది. ఏ ఒక్కదానికి కాదన్నా దూరంగా ఉండటం మంచిది. చట్టం కింద రిజిస్టరు ఉన్న వృత్తికి సంఘ సభ్యత్వం ప్రత్యామ్నాయం కాదని కూడా గుర్తుంచుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొనేవారిని మొదట అడగవలసినది పునరావాస మండలి రిజిస్టరు నంబరే.

‘ఈ సంఘాలు పెద్ద నగరాలవి, ఇంగ్లీషువి, మనకు అందులో చోటెక్కడ?’ అన్నది మూడవ ప్రశ్న. ఇందులో నిజం ఉన్నది. అయితే బయట నిలబడి ఉన్నంతకాలం ఆ స్థితి మారదు. నియమావళిని తెలుగులోకి, ఉర్దూలోకి తెమ్మని అడగాలంటే సభ్యులై అడగాలి. మన భాషలలో పని చేసేవారు నలుగురు చేరితే, నెలకొకసారి కలిసి కూర్చొని తమ పనిని పరస్పరం పరీక్షించుకొనే చిన్న శాఖ ఏర్పడుతుంది. నేటి పెద్ద సంఘాలన్నీ ఒకనాడు ఇటువంటి చిన్న సమావేశాలే.

కళాశాల పాలక సంఘం పెద్దలకు మా మనవి ఇది. కౌన్సెలరును నియమించే ప్రకటనలోనే చదువుతో పాటు రిజిస్టరు నంబరును గాని, గుర్తింపు గల వృత్తి సంఘ సభ్యత్వాన్ని గాని అర్హతగా పేర్కొనాలి. దానిని ఆ సంఘాన్నే అడిగి సరిచూసుకోవాలి. సభ్యత్వ రుసుమును కళాశాల భరించాలి; పర్యవేక్షణ సమావేశాలకు వెళ్ళే సమయాన్ని ఉద్యోగ సమయంగానే లెక్కించాలి. మార్కులు వేసే అధ్యాపకునికి కౌన్సెలరు పని అప్పగించరాదు. రెండు పడవల మీద కాలు పెట్టినవారిని విద్యార్థి నమ్మడు. తలుపు మూసుకొనే గది ఒకటి కేటాయించాలి. ఎంతమంది వచ్చారన్న సంఖ్యను తప్ప, వచ్చినవారి పేర్లను పాలక సంఘం అడగరాదు. నియమావళి సారాంశాన్ని, ఫిర్యాదు పంపవలసిన చిరునామాను రెండు భాషలలోనూ ఆ గది బయట అతికించాలి. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత సేవ నంబరు 14416ను తరగతి గదులలోనూ, హాస్టలులోనూ పెద్ద అక్షరాలతో వ్రాయించాలి. ఈ చివరి పని సుప్రీంకోర్టు చెప్పినదే. దానికి ఖర్చు కూడా లేదు.

మనస్తత్వశాస్త్రం, సాంఘిక సేవ చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులారా! ఇతరుల బాధ వినడం మీకు వృత్తి కాబోతున్నది. పట్టా చేతికి రాగానే బోర్డు కట్టాలన్న తొందర సహజం. దానికి ముందే, విద్యార్థి సభ్యత్వం ఇచ్చే మంచి సంఘం ఉంటే చేరండి. దాని నియమావళి తెప్పించి చదవండి. ఒక్కొక్క నియమం ఏ పొరపాటును నివారించేందుకు పుట్టిందో ఆలోచించండి. మీరు రేపు ఏ ఊరిలో పని చేసినా, మీ ఎదుట కూర్చొన్న మనిషి మిమ్మల్ని అడగలేని ప్రశ్న ఒకటి ఉంటుంది: ‘మీరు నాకు అన్యాయం చేస్తే నేను ఎవరితో చెప్పుకోవాలి?’ ఆ మనిషి అడగకముందే సమాధానం మీ గది గోడ మీద వ్రాసి ఉండాలి. కళాశాలలో కౌన్సెలరు గది తెరిచిన రోజున కూడా మొదట అతికించవలసినది ఆ సమాధానమే. పెద్దలు ఈ విద్యా సంవత్సరంలోనే అందుకు పూనుకొంటారని ఆశిస్తున్నాము.